చక్కెరవ్యాధియు, కాలేయపు లెక్కలును

మన కర్నూలు జిల్లా పశ్చిమభాగమునందలి రైతులకు చక్కెరవ్యాధి యిప్పుడు క్రొత్తమాట కాదు. గూడూరు, కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతములయందు ఏ గ్రామమునకు పోయినను, ప్రొద్దుట పొలమునకు బయలుదేరుటకు ముందు మాత్ర వేసికొనువారు కనబడుచున్నారు. భారత వైద్య పరిశోధన మండలివారి దేశవ్యాప్త పరిశీలన ఫలితములు 2023వ సంవత్సరమున వెల్లడియైనవి. వాని ప్రకారము మన దేశమున 10 కోట్లకు పైగా జనులకు ఈ వ్యాధి గలదు; మఱి 13 కోట్ల 60 లక్షలమంది దాని గడపలో నిలిచియున్నారు. ఈ వ్యాధి వలన కన్నులకు, మూత్రపిండములకు, పాదములకు కలుగు హానిని గూర్చి మన సభ్యులు కొంత వినియేయున్నారు. దాని వెంట వచ్చు మఱియొక చింతను గూర్చి మాత్రము చెప్పువారు తక్కువ. అది కాలేయమును గూర్చిన చింత.

జరుగుచున్నది ఇది. రైతు చక్కెర చూపించుకొనుటకు పట్టణమునకు పోవును. రక్తపరీక్షలతోపాటు కాలేయ పరీక్షయు చేయుదురు. సాయంకాలమునకు కాగితము చేతికి వచ్చును. అందు ఒక అంకె మాత్రము నల్లని అక్షరములలో నుండును. ప్రక్కన "ఎక్కువ" అను గుర్తు ఉండును. వైద్యుని మరల చూచులోపుగనే బస్సులో ఒకరు, రచ్చకట్టపై నొకరు ఆ కాగితము చదివి, "లివరు చెడినది" అని తీర్పు చెప్పుదురు. ఆ రాత్రి ఇంటిలో ఎవరికిని నిద్రపట్టదు.

ఆ పిమ్మట రైతు మూడు త్రోవలలో నొకటి పట్టుచున్నాడు. "ఈ మాత్రలే లివరును తినివేసినవి" అని చక్కెర మాత్రలు మానివేయుట ఒకటి. అప్పు తెచ్చియైనను పసరుమందులకు పోవుట రెండవది. కాగితమును మడిచి వాసములో దోపి, మరచిపోవుట మూడవది. ఈ మూడును నష్టపుత్రోవలే. మేము సభ్యులకు మొదట చెప్పదలచినది ఒక్కటియే: ఆ కాగితము తాఖీదే గాని డిక్రీ కాదు. తాఖీదు వచ్చినప్పుడు పరారి కాగూడదు. ఆస్తి యంతయు పోయినదని యేడ్వనుగూడదు. తేదీ చూచుకొని, లెక్కలు తీసికొని, హాజరు కావలయును.

కాలేయము చేయు పని

కాలేయము కుడిప్రక్క డొక్క యెముకల క్రింద నుండును. పెద్దవారియందు దాని తూకము సుమారు కిలోన్నర. అది మన శరీరమునకు గాదె వంటిది. భోజనము చేసినప్పుడు రక్తములోనికి వచ్చిన చక్కెరలో కొంతభాగమును అది నిలువచేయును. రాత్రి మనము నిద్రించునప్పుడు ఆ నిలువనుండి కొంచెము కొంచెముగా విడిచి, మెదడునకును గుండెకును లోటు రాకుండ చూచును. గాదె తలుపు ఎప్పుడు తెరవవలయునో, ఎప్పుడు మూయవలయునో తెలుపునది ఇన్సులిను.

చక్కెరవ్యాధియందు ఈ ఆజ్ఞ సరిగా చెల్లదు. రక్తములో చక్కెర నిండుగా నున్నను కాలేయము తలుపు తెరచియే యుంచును. రాత్రి ఏమియు తినకున్నను ప్రొద్దుటి పరీక్షలో చక్కెర ఎక్కువగా కనబడుటకు ముఖ్యకారణ మిదియే. మనలో అనేకులు వాడు మెట్‌ఫార్మిను మాత్ర ప్రధానముగా ఈ తలుపును కొంత మూయుట కొఱకే. 1957 నుండి మధుమేహమునకు వాడబడుచున్న ఈ మందు కాలేయమునకు శత్రువు కాదు. కాలేయము చేయు తప్పును దిద్దునది.

తిన్నది ఖర్చుకంటె మించినప్పుడు కాలేయము ఆ మిగులును కొవ్వుగా మార్చును. ఆ కొవ్వు కొంత కాలేయమునందే నిలిచిపోవును. దీనినే కొవ్వు కాలేయమందురు. రెండవ రకపు చక్కెరవ్యాధి గలవారిలో సగముకంటె నెక్కువమందికి ఇది యుండునని ప్రపంచమందలి పరిశీలనలన్నిటిని కలిపి చూచినవారు చెప్పుచున్నారు. కావున చక్కెర రోగికి కాలేయపు అంకె కొంచెము పెరిగియుండుట అరుదైన సంగతి కాదు. వాని ఒక్కనికే పట్టిన దురదృష్టమును కాదు. సన్నగా నున్నవారికిని ఇది రావచ్చును. మన దేశస్థులకు కొవ్వు చేతులయందు, కాళ్లయందు గాక పొట్టయందు చేరు స్వభావ మెక్కువ. అందుచేతనే పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటరులు, స్త్రీలకు 80 సెంటీమీటరులు మించినచో జాగ్రత్తపడవలయునని మన వైద్యులు హద్దు పెట్టినారు.

కాగితముపై నున్న అంకెలు

కాలేయ పరీక్షయందు మనవారిని భయపెట్టునవి ముఖ్యముగా రెండు అంకెలు: ఎస్.జి.పి.టి., ఎస్.జి.ఓ.టి. వీనినే ఎ.ఎల్.టి., ఎ.ఎస్.టి. అనియు వ్రాయుదురు. ఇవి కాలేయ కణములలోపల నుండు పదార్థములు. కణము దెబ్బతిన్నప్పుడు ఇవి రక్తములోనికి కారును. గోనెసంచికి చిల్లుపడినప్పుడు క్రింద గింజలు కనబడినట్లే యిది. క్రింద గింజలున్నవనగా సంచికి ఎక్కడనో చిల్లున్నదని యర్థము. సంచి ఖాళీయైనదని కాదు.

ఈ పరీక్ష పుట్టి డెబ్బది సంవత్సరములే యైనది. 1954వ సంవత్సరమున న్యూయార్కు నగరమునందు లాడ్యూ, రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ అను వైద్యులు గుండెపోటు వచ్చిన రోగుల రక్తములో ఎస్.జి.ఓ.టి. పెరుగుటను మొదట చూచిరి. పిమ్మటనే దానిని కాలేయవ్యాధులకును అన్వయించిరి. ఈ చరిత్రయందు మనకు పనికివచ్చు నీతి యొకటి కలదు. ఎస్.జి.ఓ.టి. కాలేయమునందే గాక గుండెయందును, కండరములయందును ఉన్నది. అలవాటులేని కాయకష్టము చేసిన పిమ్మట కొన్నిదినముల వఱకు ఈ అంకెలు పెరిగియుండవచ్చును. దినమంతయు బస్తాలు మోసిన మరునాడు పరీక్షకు పోయినవాడు ఆ సంగతి వైద్యునికి చెప్పవలయును.

రక్తములోని పదార్థములను రంగుబట్టి కొలుచు విద్యకు మన తెలుగువాడును తోడ్పడినాడు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1925లో ఫిస్కేతో కలసి రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని వెల్లడించిరి. అది వారి పేరుతోనే ప్రపంచమంతటను వ్యాపించినది. కాలేయమునుండి రక్తహీనతకు మందు తీయు పరిశోధనలయందును వారు పాల్గొనిరి. ఆ మందులోని సారము బి-12 అను విటమినని తరువాత తేలినది. మెట్‌ఫార్మినును చాల సంవత్సరములు వాడినవారిలో కొందఱికి ఈ బి-12 తగ్గును. కాళ్ల తిమ్మిరి హెచ్చును. మాత్ర మానుట దీనికి మందు కాదు. బి-12 చూపించుకొని, తక్కువైనచో దానిని తీసికొనుటయే మందు.

మఱి కాలేయము తన పనిని చేయుచున్నదా లేదా యని తెలుపు అంకెలు వేరు. అవి బిలిరుబిను, ఆల్బుమిను, రక్తము గడ్డకట్టుటకు పట్టు కాలము. ఎస్.జి.పి.టి. కొంచెము పెరిగి ఈ మూడును సరిగా నున్నచో, గాయమున్నదే గాని పని ఆగలేదని గ్రహింపవలయును. దీనికి విరుద్ధమైన సంగతియు కలదు. కాలేయమున కొవ్వుచేరి, లోన మచ్చకట్టుచున్నను ఎస్.జి.పి.టి. మామూలుగానే యుండవచ్చును. కావున ఒక్క అంకె పెరిగినదని గుండె చెదరనక్కఱలేదు. ఒక్క అంకె బాగున్నదని ఆదమరచి యుండనుగూడదు.

పరీక్షశాలలు తమ హద్దును ఎక్కువగా 40కి సమీపమున వేయుదురు. హద్దునకు కొంచెము మీరినచో వైద్యులు సాధారణముగా కొన్ని వారములు మొదలు మూడు నెలల లోపల మరల పరీక్షింతురు. మూడురెట్లు మించి నిలిచియున్నచో కారణమును వెదకుట ఆలసింపరాదు. పదిరెట్లు మించినను, కన్నులు పచ్చబడినను ఆ దినమే వైద్యశాలకు పోవలయును.

కారణములు అనేకము

అంకె పెరిగినదనగానే కొవ్వు అనియే తీర్మానింపరాదు. మొదటి ప్రశ్న సారాయమును గూర్చినది. ఎస్.జి.ఓ.టి. అంకె ఎస్.జి.పి.టి. అంకెకు రెండింతలైనచో వైద్యుడు మద్యమును శంకించును. అచ్చట సిగ్గుపడి అబద్ధమాడువాడు తన కేసును తానే పాడుచేసికొనును. కొవ్వు చేరిన కాలేయమునకు మద్యము కొంచెమైనను అగ్నికి ఆజ్యమే.

రెండవది హెపటైటిస్ బి, సి అను అంటుకామెర్లు. ఇవి సంవత్సరముల తరబడి ఏ బాధయు చూపకుండ దాగియుండును. వీనికి పరీక్షయు, చికిత్సయు ఉచితముగా నిచ్చుటకు భారతప్రభుత్వము 2018 జూలై 28న జాతీయ కార్యక్రమమును ఆరంభించినది. సి రకము కొన్ని నెలల మాత్రలతో దాదాపుగా అందఱికిని నయమగుచున్నది. బి రకమునకు టీకా యున్నది. రక్తమును గ్రుచ్చుసూదిని ఒకరిది మఱియొకరు వాడుట ఈ జబ్బులకు రాజమార్గము. ఇన్సులిను సూదియైనను, చక్కెర చూచు సూదియైనను ఇంటివారికి సైతము ఇయ్యరాదు.

మూడవది మందులు. క్షయకు వాడు మాత్రలలో కొన్ని కాలేయమును బాధించును. చక్కెరయు క్షయయు ఒకే మనిషికి వచ్చుట మన దేశమున తఱచుగా జరుగునది. అట్టివారు కాలేయపరీక్షను వైద్యుడు చెప్పిన గడువులకు తప్పక చేయించుకొనవలయును. ఒళ్లునొప్పులకని పారసిటమాలును మితిమీరి మ్రింగుటయు ప్రమాదమే. పచ్చమందు గనుక హాని చేయదను నమ్మకము సరికాదు. తిప్పతీగను విడువక వాడిన కొందఱికి కాలేయము వాచినట్లు ముంబయి వైద్యులు 2021లో ప్రకటించిరి. ఆయుష్ శాఖవారు దానితో ఏకీభవింపలేదు. వాదము ఎట్లున్నను, కాలేయపు అంకె పెరిగినవాడు తాను వాడు ఆకు, చూర్ణము, కషాయము అన్నింటిని వైద్యుని ముందు పెట్టుట న్యాయము. ప్రత్తిచేలలో పురుగుమందు చల్లువారు ఆ సంగతియు చెప్పవలయును.

ఇంటివద్ద వేయదగిన లెక్క

కాలేయమున మచ్చకట్టినదా యని తెలిసికొనుటకు ప్రథమముగా వైద్యులు వేయు లెక్క యొకటి కలదు. దానిని ఫిబ్-4 అందురు. వడ్డీలెక్క వచ్చిన సభ్యునికి ఇదియు వచ్చును. వయస్సును ఎస్.జి.ఓ.టి.తో గుణింపవలయును. రక్తములోని ప్లేట్‌లెట్లను వేలలో తీసికొని, ఎస్.జి.పి.టి. యొక్క వర్గమూలముతో గుణింపవలయును. మొదటి దానిని రెండవదానిచే భాగింపగా వచ్చినదే ఫలితము.

ఒక రైతునకు వయస్సు 50, ఎస్.జి.ఓ.టి. 40, ఎస్.జి.పి.టి. 64, ప్లేట్‌లెట్లు 2 లక్షల 50 వేలు అనుకొందము. 50ని 40చే గుణింపగా 2,000. 64కు వర్గమూలము 8; 250ని 8చే గుణింపగా 2,000. ఫలితము 1. ఇది 1.3 లోపున నున్నది గనుక ముదిరిన మచ్చ యుండుట అరుదు. మఱియొకనికి వయస్సు 60, ఎస్.జి.ఓ.టి. 60, ఎస్.జి.పి.టి. 36, ప్లేట్‌లెట్లు 1 లక్ష 20 వేలు అనుకొందము. 60ని 60చే గుణింపగా 3,600. 36కు వర్గమూలము 6. 120ని 6చే గుణింపగా 720. ఫలితము 5. ఇది 2.67ను మించినది గనుక జాగు చేయక నిపుణుని చూడవలయును.

ఇప్పుడు సభ్యులు గమనింపుడు. మొదటివాని ఎస్.జి.పి.టి. 64, కాగితముపై నల్లని అక్షరములు పడినది వానికే. రెండవవానిది 36, ఆ అంకె హద్దులోపలనే యున్నది. భయపడినవాడు మొదటివాడు, భయపడవలసినవాడు రెండవవాడు. ఒక్క అంకెను చూచి తీర్పు చెప్పరాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. 1.3కును 2.67కును నడుమ నున్నవారికి ఫైబ్రోస్కాను అను యంత్రముతో కాలేయపు గట్టితనమును కొలుతురు. సూదియు కత్తియు లేవు. 65 సంవత్సరములు దాటినవారికి క్రిందిహద్దును 2గా తీసికొందురు. 35 సంవత్సరముల లోపువారికిని, అప్పుడే కామెర్లు వచ్చినవారికిని ఈ లెక్క చెల్లదు. వైద్యుని ప్రశ్న అడుగుటకే ఈ లెక్క. వైద్యుని మానుటకు కాదు.

మాత్రలు మానవచ్చునా?

అంకె కొంచెము పెరిగినదని చక్కెర మాత్రలు మానుట పొలమున కలుపు మొలచినదని పైరును దున్నివేయుట వంటిది. చక్కెర అదుపుతప్పినచో కాలేయమున కొవ్వు ఇంకను పెరుగును. కొవ్వు కాలేయము గలవారిలో ఎక్కువమందిని బలిగొనునది కాలేయము కాదు, గుండెజబ్బు. అందుచేత గుండెను కాపాడుటకు ఇచ్చు స్టాటిను మాత్రలను గూడ స్వల్పపు పెరుగుదలకు మానిపింపరు. కాలేయము పూర్తిగా చెడినవారికిని, విపరీతముగా మద్యము త్రాగువారికిని మాత్రము మెట్‌ఫార్మిను తగదు. కాలేయము గట్టిపడినవారికి ఇన్సులినుతో చక్కెర హఠాత్తుగా పడిపోవు ప్రమాదమున్నది. గాదెలో నిలువ లేదు గదా. వారి మోతాదును వైద్యుడే మార్చవలయును.

తిండియు పనియు

కొవ్వు కాలేయమునకు అందఱికిని అందుబాటులో నున్న మందు బరువు తగ్గుట. బరువులో నూటికి 5 పాళ్లు తగ్గినను కాలేయపు కొవ్వు తగ్గును; 7 మొదలు 10 పాళ్లు తగ్గినచో వాపును తగ్గును. 70 కిలోల మనిషికి 7 పాళ్లనగా సుమారు 5 కిలోలు. ఇది కొన్ని నెలలలో మెల్లగా జరుగవలయును. ప్రయత్నింపకయే బరువు తగ్గుచున్నచో అది శుభము కాదు. చక్కెర ముదిరినదేమో చూపించుకొనవలయును.

మన పెద్దలు జొన్నరొట్టె, కొఱ్ఱన్నము, సజ్జరొట్టె తినినవారు. తుంగభద్ర దిగువకాలువ నీటితో కొన్నిచోట్ల వరి పండినది. 1983 నుండి కిలో రెండురూపాయల బియ్యము వచ్చినది. ఆకలి తీరినది, మంచిదే. కాని మూడుపూటలను తెల్లన్నమే యగుట మంచిది కాలేదు. జొన్నయందును పిండిపదార్థము నూటికి సుమారు 70 పాళ్లున్నది. బియ్యమునందు సుమారు 78. భేదము పీచునందున్నది. జొన్నరొట్టెకు పీచు ఎక్కువ గనుక చక్కెర మెల్లగా ఎక్కును. అయినను రొట్టెలకు లెక్క యుండవలయును. ఉగ్గానియు బజ్జీయు దినచర్య గాక పండుగచర్య కావలయును. బెల్లము చక్కెరకు చెల్లెలే. చక్కెర వేయక బెల్లము వేసితిమను తృప్తి వట్టిది. సీసాలలోని తీపిపానీయములు కాలేయమునకు నేరుగా కొవ్వును చేర్చును. పప్పు, ఆకుకూర, మజ్జిగ, గుప్పెడు వేరుసెనగ మన పొలములవే.

"మేము రెక్కలాడించువారము, మాకు వ్యాయామమేల?" యని రైతు అడుగును. ట్రాక్టరు వచ్చిన పిమ్మట రైతు నడక తగ్గినది. పంట యింటికి చేరిన పిమ్మట తొలకరి వఱకు పని లేదు. మగ్గమునొద్ద కూర్చుండు నేతకారునికి ఆ నడకయు లేదు. వారమునకు 150 నిమిషములు, అనగా దినమునకు అరగంట చొప్పున అయిదు దినములు వడిగా నడచుట అందఱికిని అవసరము.

ఆలసింపరాని గుర్తులు

కన్నులు పచ్చబడుట, మూత్రము చిక్కని పసుపుగా వచ్చుట, పొట్టలో నీరు చేరి యుబ్బుట, కాళ్లు వాచుట, రక్తము కక్కుట, మలము తారువలె నల్లగా నగుట, పగలు నిద్ర రాత్రి మెలకువయై మాట తడబడుట — వీనిలో ఏది కనబడినను పసరునకు గాని మంత్రమునకు గాని పోరాదు. ఆదోని ప్రభుత్వ వైద్యశాలకో, కర్నూలు వైద్యకళాశాలకు చేరిన ప్రభుత్వ సర్వజన వైద్యశాలకో వెంటనే పోవలయును.

సంఘముగా చేయదగినది

2021లో భారతప్రభుత్వము కొవ్వు కాలేయమును చక్కెర, రక్తపోటు, గుండెజబ్బుల జాతీయ కార్యక్రమములో చేర్చినది. 30 సంవత్సరములు దాటిన ప్రతివారికిని గ్రామమునందే చక్కెర, రక్తపోటు చూచు ఏర్పాటు గలదు. ఉన్న ఏర్పాటును వాడుకొనుట మన పని. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున నేతకారుల సహకార సంఘమును స్థాపించిరి. ఒక్కొక్కడుగా నూలుకొనలేని నేతగాండ్రు సంఘముగా కొనిరి, అమ్మిరి. అదే నీతి దీనికిని వర్తించును.

ప్రతి సంఘమునందును చక్కెరవ్యాధి గల సభ్యులు ఒక చిన్నపుస్తకమును పెట్టుకొనవలయును. అందు పరీక్ష తేదీ, చక్కెర, ఎస్.జి.పి.టి., ఎస్.జి.ఓ.టి., ప్లేట్‌లెట్లు, బరువు, వాడు మందులు వ్రాసికొనవలయును. అప్పుఖాతాను ఏటేట చూచుకొనునట్లే ఈ ఖాతాను చూచుకొన్నచో, అంకె పెరుగుచున్నదో తరుగుచున్నదో తెలియును. వైద్యునికి ఒంటికాగితముకంటె ఈ పుస్తకము పదిరెట్లు పనికివచ్చును. చదువురాని సభ్యునికి కార్యదర్శి గాని, ఇంటి పిల్లలు గాని వ్రాసిపెట్టవలయును. పట్టణమునకు పోవునాడు ఇద్దఱు ముగ్గురు కలసి పోయినచో ఖర్చు తగ్గును, ధైర్యమును కలుగును.

కాలేయము ఓర్పుగల అవయవము. ఆరంభమున గుర్తించి కొవ్వును తగ్గించినచో అది తన్ను తానే బాగుచేసికొనగలదు. మచ్చ ముదిరి గట్టిపడిన పిమ్మట ఆ యవకాశము సన్నగిల్లును. సకాలమున విత్తినవానికే పంట యన్నది మనకు ఒకరు నేర్పవలసినది కాదు. వాసములో దోపిన కాగితమున్నచో ఈ వారమే బయటికి తీయుడు. మాత్రలు మానియున్నచో వైద్యుని చూచి మరల మొదలుపెట్టుడు. లెక్క వ్రాయనివారు నేటినుండి వ్రాయుడు. ఇంటియజమాని ఆరోగ్యము పోయినచో సేద్యమును, అప్పును, పిల్లల చదువును నిలుచుటకు చోటులేదు. సభ్యులెల్లరును ఈ విషయమున శ్రద్ధ వహింతురుగాక యని కోరుచున్నాము.